దిగేటప్పుడే జాగ్రత్త

ఈసారి మ్యాగజైన్ థీమ్ ‘ప్రయాణం’ అని క్లబ్ గ్రూపులో మెసేజ్ పడగానే అందరూ గోవా, గోకర్ణ, ఊటీ అని పేర్లు ఇచ్చేసుకున్నారు. నాకు మిగిలింది శ్రీశైలం. అది కూడా ఫ్రెండ్స్‌తో కాదు, మా నాన్నతో. బస్సులోనూ కాదు, మా తాతయ్య కొన్న యెజ్డీ మోటార్‌సైకిల్ మీద. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత టైమ్ ఉండదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడవు రాయడం టెన్త్ తర్వాత ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు తేడా పడితే ఎడిటర్ అక్క దిద్దుతుంది. విషయం మాత్రం నాదే.

మాది నరసరావుపేట. నాన్న గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఇంటి వరండాలో మూడు బళ్ళుంటాయి. అమ్మ స్కూటీ, నాన్న స్కూలుకి వెళ్ళే హీరో బండి, పాత దుప్పటి కప్పుకుని మూల నిలబడి ఉండే యెజ్డీ రోడ్‌కింగ్. తాతయ్య 1987లో కొన్నాడు. మిర్చి వ్యాపారం చేసేవాడు, వారానికి నాలుగుసార్లు దాని మీదే గుంటూరు వెళ్ళొచ్చేవాడు. మా బజార్లో దాన్ని యెజ్డీ అని ఎవరూ అనరు. అందరికీ అది ‘ఎస్డీ బండి’. చిన్నప్పుడు నేను అది ఏదో డిగ్రీ పేరు అనుకునేదాన్ని.

ఆ పేరు వెనక కథ నాకు ఈమధ్యే తెలిసింది. 1929లో చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన జర్మనీలోని వాండరర్ కంపెనీ నుంచి మోటార్‌సైకిల్ డిజైన్ కొన్నాడు. తన పేరులో రెండక్షరాలు, ఆ కంపెనీ పేరులో రెండక్షరాలు కలిపితే జావా అయింది. ఆ జావాని మన దేశంలో తయారు చెయ్యడానికి రుస్తుం ఇరానీ అనే పార్సీ ఆయన మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టాడు. 1961లో బళ్ళు రావడం మొదలైంది. కొన్నేళ్ళకి జావా పేరు తీసేసి సొంత పేరు పెట్టుకున్నారు. ఇరాన్‌లో యజ్ద్ అని ఒక ఊరుంది, ఆ ఊరి పేరు మీద యెజ్డీ. అంటే మా వరండాలో నిలబడ్డ బండిది ఇరాన్ పేరు, చెక్ డిజైన్, మైసూరు పుట్టుక. తోలింది మాత్రం నరసరావుపేట మిర్చి వ్యాపారి. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఈమధ్య జావా, యెజ్డీ పేర్లతో కొత్త బళ్ళు మళ్ళీ వస్తున్నాయి గానీ, వాటికి సెల్ఫ్ స్టార్ట్ ఉంటుంది. మా దానికి కాళ్ళుండాలి.

కాళ్ళంటే గుర్తొచ్చింది. యెజ్డీకి కిక్ రాడ్ వేరే ఉండదు. గేర్ లివరే కిక్ రాడ్. ఎడమవైపు ఉంటుంది. దాన్ని ఇంజన్ వైపు లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్ అవుతుంది, స్టార్ట్ అయ్యాక కిందకి దింపితే మళ్ళీ గేర్ అవుతుంది. మా క్లాసులో ఒకే ఫంక్షన్ రెండు పనులు చేస్తే సార్ ‘బ్యాడ్ డిజైన్’ అంటారు. మైసూరు వాళ్ళకి ఆ సార్ లేడు కాబట్టి బతికిపోయారు. బండి మీద కూర్చుని ఎడమకాలితో కొట్టడం నా వల్ల కాదు. పక్కన నిలబడి కుడికాలితో కొడతాను. లైసెన్స్ వచ్చిన వేసవిలో నేర్చుకున్నా. మొదటి వారం పిక్కల మీద మూడు చోట్ల కమిలింది. ‘ఆడపిల్లకి ఆ దున్నపోతు బండి ఎందుకండీ’ అని ఎదురింటి పిన్ని అమ్మతో అంటే, ‘దున్నపోతుని తోలినోళ్ళకి ఏ బండైనా ఒకటే’ అన్నాడు నాన్న గేటు దగ్గర నుంచే.

ఇక అసలు విషయం.

పోయిన డిసెంబర్లో హైదరాబాద్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. పాత బళ్ళు కొని బాగుచేసి దాచుకుంటాడట. మా మెకానిక్ బాబాయ్ ద్వారా తెలిసిందట. లక్షా పది వేలు ఇస్తానన్నాడు. నాన్న ఎప్పుడూ ఇలాంటి వాళ్ళకి నవ్వి ‘చూద్దాంలెండి’ అని పెట్టేసేవాడు. ఈసారి మాత్రం ‘సంక్రాంతి తర్వాత మాట్లాడదాం’ అన్నాడు. నేను హాస్టల్ నుంచి ఇంటికి రాగానే అమ్మ చెప్పింది. ‘నీ ల్యాప్‌టాప్ కోసమే. ఏదో గ్రాఫిక్ కార్డు ఉన్నది కావాలన్నావుగా. ఎలాగూ ఆర్‌సీ రెన్యూవల్ కూడా దగ్గరికొచ్చింది. ఎంతకాలం దాన్ని తుడుస్తూ కూర్చుంటారు.’

నిజమే, ల్యాప్‌టాప్ కావాలన్నది నేనే. కాకపోతే ఇంట్లో ఎవరికీ తెలియని విషయం ఒకటుంది. 1-2లో నాకు మాథ్స్ పోయింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. పాస్‌కి 3 మార్కులు తక్కువ. రిజల్ట్స్ సెప్టెంబర్లో వచ్చాయి. ఆ రోజు నాన్న ఫోన్ చేసి ‘ఏమైంది బుజ్జీ’ అంటే ‘ఇంకా సైట్ ఓపెన్ అవ్వట్లేదు నాన్నా’ అన్నా. రెండో రోజు కూడా అదే చెప్పా. మూడో రోజు ‘అన్నీ అయిపోయాయి’ అన్నా. చూడండి, టెక్నికల్‌గా అబద్ధం కూడా కాదు. లెక్కల మాస్టారి కూతురు లెక్కల్లో ఫెయిల్ అని చెప్పడానికి నాకు ఏ భాషలోనూ వాక్యం దొరకలేదు. సప్లీ ఫీజు కట్టాలంటే డబ్బులడగాలి, అడిగితే ఎందుకంటాడు. ఆ భయంతోనే ఆ తేదీ కూడా దాటిపోయింది.

ఇప్పుడు ఆయన నాకోసం తాతయ్య బండి అమ్ముతున్నాడు.

పండగ రోజు రాత్రి నాన్నే అన్నాడు. ‘అమ్మే ముందు ఒకసారి శ్రీశైలం వెళ్ళొద్దాం. నేను టెన్త్ పాసైనప్పుడు తాతయ్య నన్ను దీని మీదే తీసుకెళ్ళాడు. నువ్వు వస్తావా?’ దాదాపు 180 కిలోమీటర్లు. అమ్మ బస్సు టైమింగులు చదివింది. నాన్న వినలేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రోజు ఆగి, ముక్కనుమ కూడా దాటాక తెల్లారగట్ల బయల్దేరాం.

ముందు రోజు సాయంత్రం మెకానిక్ బాబాయ్ వచ్చి బండి చూశాడు. మనం ట్రిప్‌కి వెళ్తే పవర్ బ్యాంక్, ఇయర్‌ఫోన్స్ సర్దుకుంటాం. మా సంచిలో పడినవి ఇవి: రెండు స్పార్క్ ప్లగ్గులు, ఒక పాయింట్ సెట్టు, చైన్ లింకు, గరుకు కాగితం ముక్కలు, ఒక ట్యూబు, స్పానర్లు, పాత బనీను గుడ్డ, 2టీ ఆయిల్ సీసా. క్లచ్ వైరు ఒకటి సంచిలో కాకుండా, ఉన్న వైరు పక్కనే ఇంకోటి లాగి కట్టేశాడు. దారిలో తెగితే కొసలు మార్చుకుంటే చాలట. ‘బ్యాకప్’ అన్నా నేను. ‘అదేదో మీ ఇంగ్లీష్‌లో. మేం ముందుచూపు అంటాం’ అన్నాడు.

ఊరు దాటాక బంకులో ఆగాం. కొత్త బళ్ళు మాత్రమే తెలిసినవాళ్ళకి ఇక్కడ కొంచెం చెప్పాలి. మీ బండి ఫోర్ స్ట్రోక్. ఇంజన్ కింద ఆయిల్ వేరే ఉంటుంది, అది తిరుగుతూ ఉంటుంది. యెజ్డీ టూ స్ట్రోక్. దీనికి ఆ ఆయిల్ గది లేదు. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పొయ్యాలి. ఆ కలిసిన పెట్రోలే క్రాంక్ గదిలోంచి పోతూ బేరింగులకీ పిస్టన్‌కీ తడి అందించి, ఆ తర్వాత పైకెళ్ళి మండుతుంది. వెనక గొట్టాల్లోంచి వచ్చే నీలం పొగ ఆ ఆయిల్‌దే. ఆ పొగ వల్లే ఈ బళ్ళ కాలం కూడా అయిపోయింది. నాన్న లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్కన కొలిచి ముందు ఆయిల్ పోసి, తర్వాత పెట్రోల్ కొట్టించి, బండిని అటూ ఇటూ ఊపాడు. బంకు కుర్రాడు నా వయసువాడే ఉంటాడు. ‘ఏంటి సార్, ఇది కూడా మిక్సీనా’ అన్నాడు.

నాన్న ముందు, నేను వెనక. స్పీడ్ యాభై, యాభై ఐదు. కార్లు, బస్సులు అన్నీ మమ్మల్ని దాటేస్తున్నాయి. ఒక్క గడ్డివాము ట్రాక్టర్‌ని మాత్రం మేం దాటాం, గర్వంగా. రోడ్డుకి రెండు వైపులా పత్తి చేలు, అక్కడక్కడ కళ్ళంలో పరిచిన మొదటి కోత మిరపకాయలు. హెల్మెట్ లోపలికి ఘాటు వస్తోంది. కారులో వెళ్తే ఈ ఊళ్ళన్నీ అద్దం బయట ఉంటాయి. బండి మీద ఊళ్ళు ముక్కులోకి వస్తాయి. పేడ, తడి మట్టి, ఎవరింట్లోనో పోపు, మన వెనక మన పొగ.

గూగుల్ మ్యాప్స్ నాలుగు గంటలంది. దానికి మా బండి సంగతి తెలియదు. యాభై కిలోమీటర్లకోసారి ఆపాల్సిందే. గాలి తగిలి చల్లారే ఇంజన్ కదా, పైగా వయసు మళ్ళింది. నాన్న సిలిండర్ రెక్కల దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు, జ్వరం చూసినట్టు. ‘ఇంకో పది నిమిషాలు’ అంటాడు. ఆ పది నిమిషాలు ఏం చేస్తాం? సిగ్నల్ సరిగా ఉండదు. మాట్లాడుకోవాలి. అంతే.

మొదటి ఆగుడు వినుకొండలో. టీ కొట్టు ముందు నిలబడి కొండ చూస్తుంటే, ‘జాషువా ఈ ప్రాంతం వాడే తెలుసా’ అన్నాడు నాన్న. టెన్త్‌లో తెలుగు పేపర్‌కి ఆయన కవి పరిచయం బట్టీ పట్టా. 1895, వినుకొండ, బిరుదులు అన్నీ నోటికొచ్చు. ఇంటికి గంట దూరంలో ఉన్న ఊరేనని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. నాకు చాలా విషయాలు ఇలాగే తెలుసు, మార్కులొచ్చేంత వరకు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ విషయంలో అదీ లేదు.

రెండో ఆగుడు త్రిపురాంతకం. శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. బండి స్టాండ్ వేసి నీళ్ళు తాగుతుంటే పంచె కట్టుకున్న ఒక పెద్దాయన నేరుగా వచ్చి ట్యాంకు మీద చెయ్యి వేశాడు. మమ్మల్ని పలకరించలేదు, ముందు బండినే. తర్వాత నాన్నతో, ‘మా చెల్లెలి పెళ్ళిలో బావకి ఇదే బండి పెట్టామయ్యా. రెండెకరాలు అమ్మి’ అన్నాడు. కాసేపాగి, ‘బండి ఆరేళ్ళుంది. పొలం మళ్ళీ రాలేదు’ అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా. నాన్న ఏమీ అనలేదు. పెద్దాయన నా హెల్మెట్ చూసి, ‘నువ్వు కూడా తోల్తావా అమ్మా?’ అన్నాడు. ‘తోల్తాను తాతా’ అంటే, ‘మంచిది. అయితే నీకు ఎవరూ కొనిపెట్టక్కర్లా’ అని నవ్వాడు.

పాత బండి మీద వెళ్తే ఇదొకటి జరుగుతుంది. కొత్త బండి ఎంత ఖరీదైనదైనా జనం మైలేజీ ఎంత అని అడుగుతారు. పాత బండిని చూస్తే వాళ్ళ సంగతే చెప్తారు. ఆ రెండు రోజుల్లో కనీసం ఎనిమిది మంది మాతో మాట్లాడి ఉంటారు. అందరి మాటల్లోనూ ఎవరో ఒక బావో, మామో, నాన్నో ఉన్నారు.

నా దగ్గర పీడీఎఫ్‌లో ఒక పుస్తకం ఉంది. రాబర్ట్ పిర్సిగ్ రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’. ఆయన 1968లో పదకొండేళ్ళ కొడుకుని వెనక ఎక్కించుకుని అమెరికాలో మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా హోండా బండి మీద వెళ్ళాడు. 1974లో పుస్తకం వచ్చింది. అందరూ గొప్పదన్నారని మొదలుపెట్టి, ఫిలాసఫీ ఎక్కువైందని సగంలో వదిలేశా. కానీ ఒకటి గుర్తుండిపోయింది. ఆ తండ్రీ కొడుకులు ఒకే బండి మీద వేల మైళ్ళు వెళ్తారు గానీ, ఒకళ్ళతో ఒకళ్ళు సరిగా మాట్లాడుకోలేరు. మేం కూడా అంతే. నాన్న వీపు నా ముందు ఆరు అంగుళాల దూరంలో ఉంది. చెప్పాలనుకున్న వాక్యం ఎర్రగొండపాలెం దాకా నోట్లోనే ఉంది.

దోర్నాల దగ్గర భోజనం చేసి అడవిలోకి వెళ్ళాం. అక్కడి నుంచి శ్రీశైలం యాభై కిలోమీటర్లు, అంతా నల్లమల. పులులు తిరిగే చోటు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బళ్ళని వదలరు. ఎండ తగ్గిపోయి ఒక్కసారిగా చల్లబడింది. మలుపులు మొదలయ్యాయి. మా ముందు ఒక లారీ ఎక్కలేక ఎక్కుతోంది, దాటడానికి వీల్లేదు. దాని వెనకే నడక స్పీడులో చాలాసేపు వెళ్ళాం. బండి ముందు దగ్గింది, తర్వాత ఎక్కిళ్ళు పెట్టింది, తర్వాత ఆగిపోయింది.

నిశ్శబ్దం. అడవిలో ఇంజన్ ఆగాక వచ్చే నిశ్శబ్దం వేరుగా ఉంటుంది. కోతులు రెండు దిగొచ్చి కూర్చుని చూస్తున్నాయి, మేం ఏం చేస్తామా అని.

నాన్న ప్లగ్ విప్పి నా చేతిలో పెట్టాడు. బనీను గుడ్డలోంచి కూడా వేడి తగిలింది. ‘చూడు. ఏం రంగు?’

‘నలుపు. తడిగా ఉంది.’

‘నలుపు, తడి అంటే ఆయిల్ ఎక్కువై మండలేదు. లారీ వెనక నెమ్మదిగా వచ్చాం కదా, అందుకు. తెల్లగా ఉంటే ఇంజన్ కాలిపోతోందని. కాఫీ రంగులో ఉంటే అంతా బాగున్నట్టు.’ గరుకు కాగితంతో రుద్దుతూ అన్నాడు. ‘ఈ బండికి ఏమైనా దీంట్లో తెలిసిపోతుంది. ప్లగ్ అబద్ధం చెప్పదు.’

అది ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నా. సరిగ్గా అప్పుడు ఫారెస్ట్ జీపు వచ్చి ‘ఇక్కడ ఆగకూడదు సార్, త్వరగా కానివ్వండి’ అని వెళ్ళింది. కొత్త ప్లగ్ బిగించాం. మూడో కిక్కుకి బండి లేచింది. నా వాక్యం మళ్ళీ లోపలికి పోయింది.

శిఖరేశ్వరం దగ్గర నువ్వులు పోసి, నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూడాలట. చూస్తే ఇంకో జన్మ ఉండదట. నాకు శిఖరం కనిపించిందో, ఏదో తెల్లగా మెరిసిందో చెప్పలేను. ఆ తర్వాత సాక్షి గణపతి. శ్రీశైలం వచ్చినవాళ్ళందరి పేర్లూ ఆయన రాసుకుని శివుడికి సాక్ష్యం చెప్తాడని నమ్మకం. విగ్రహం చేతిలో పుస్తకం, కలం ఉంటాయి. పేరు, గోత్రం చెప్పుకోమన్నాడు పూజారి.

నేను ఆ పుస్తకం వైపే చూస్తున్నా. యూనివర్సిటీ సైట్ ఓపెన్ అవ్వకపోయినా ఈయన దగ్గర నా మార్కుల లిస్టు ఉంటుంది కదా అనిపించింది. నవ్వొచ్చింది, దాంతో పాటే ఏడుపు కూడా వచ్చింది. బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే అనేశా.

‘నాన్నా, నాకు 1-2లో మాథ్స్ పోయింది. సెప్టెంబర్లోనే తెలుసు. బండి అమ్మొద్దు.’

మూడు వాక్యాలు, నాలుగు నెలలు.

నాన్న ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోకుండా అలాగే నిలబడ్డాడు. తిడతాడనుకున్నా. ‘సప్లీ రాశావా?’ అన్నాడు. ‘లేదు. ఫీజు తేదీ దాటిపోయింది. నిన్ను డబ్బులడగాలని...’ అని ఆగిపోయా. ఆయన ఇంకేం అడగలేదు. కొబ్బరిచిప్ప సంచిలో పెట్టి బండి స్టార్ట్ చేశాడు. గుడిలో లైన్లో రెండు గంటలు పక్కపక్కనే నిలబడ్డాం, మాట లేదు. సత్రంలో రాత్రి నా మంచం మీద దుప్పటి సరిచేశాడు, అప్పుడూ మాట లేదు. మా నాన్న క్లాసులో తిట్టే మాస్టారు కాదు, చాక్‌పీస్ కింద పెట్టేసి కూర్చునే మాస్టారు. ఆయన దగ్గర చదివినవాళ్ళని అడగండి, ఏది ఎక్కువ భయమో చెప్తారు.

తెల్లారి గేటు తీసే టైమ్‌కి బయల్దేరాం. చలి. బండి మామూలుగా కొట్టే మూడు కిక్కులకి లేవలేదు, ఏడు పట్టింది. స్టార్ట్ అయ్యాక నాన్న హ్యాండిల్ నా వైపు తిప్పాడు. ‘నువ్వు తోలు.’

‘ఘాట్‌లోనా? రోడ్డు బాగున్న చోట ఇస్తానన్నావుగా.’

‘తోలు. నేను చెప్తా.’

ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఈజీ అనుకున్నా. రోడ్డు కిందకి జారగానే ఆక్సిలేటర్ పూర్తిగా మూసేశా. బండి దానంతట అదే పరిగెడుతోంది, హాయిగా ఉంది. వెనక నుంచి భుజం మీద గట్టిగా తట్టాడు. ‘మూసెయ్యకు! కొంచెం కొంచెం ఇస్తూ ఉండు. రెండు వేళ్ళు క్లచ్ మీద ఉంచు.’

కింద ఒక మలుపు దగ్గర చోటు చూసి ఆపించాడు. అప్పుడు చెప్పాడు. ఆక్సిలేటర్ మూసేస్తే పెట్రోల్ ఆగుతుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోల్ ఆగిందంటే ఆయిల్ కూడా ఆగినట్టే. కానీ బండి గేర్‌లో ఉంది, చక్రం ఇంజన్‌ని తిప్పుతూనే ఉంటుంది. పిస్టన్ తడి లేకుండా అలా పరిగెత్తి పరిగెత్తి వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి పడుతుంది. ‘టెన్త్ పాసైనప్పుడు వచ్చామన్నానే, అప్పుడు తాతయ్య ఇదే ఘాట్‌లో పెట్రోల్ మిగుల్చుకుందామని ఆక్సిలేటర్ మూసేసి దిగాడు. ఇంజన్ పట్టేసింది. ఇద్దరం రోడ్డు పక్కన పడ్డాం. ఇదిగో.’ మోచేతి మీద మచ్చ చూపించాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న మచ్చే. కుక్క కరిచిందని చెప్పేవాడు. ‘చల్లారాక తిరిగింది గానీ, ఇంటికెళ్ళాక బోరింగ్ చేయించి కొత్త పిస్టన్ వెయ్యాల్సి వచ్చింది.’

‘కుక్క అన్నావుగా!’

‘తాతయ్య చెప్పొద్దన్నాడు, నాయనమ్మ తిడుతుందని.’

ఇద్దరం నవ్వాం. నిన్నటి నుంచి మొదటిసారి.

ఆ తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. ‘ఫెయిల్ అయినందుకు నాకేం కోపం లేదు బుజ్జీ. ఏటా నా దగ్గర కూడా కొంతమంది ఫెయిలవుతారు, నేనే కదా దిద్దేది. ఫీజు తేదీ దాటబెట్టావు చూడు, దానికి కోపం. అడగడానికి భయపడి ఒక ఛాన్స్ పోగొట్టుకున్నావు. నీకు భయమేసేలా నేనేం చేశానా అని రాత్రంతా ఆలోచించా.’

దానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆయనేమీ చెయ్యలేదు. ఇంటర్ రెండేళ్ళు పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా చదివి, ర్యాంకు తెచ్చుకుని, సీఎస్‌ఈ సీటు రాగానే ‘హమ్మయ్య, ఎక్కేశాం’ అనుకుని నేనే ఆక్సిలేటర్ మూసేశా. సెమిస్టర్ దానంతట అదే పరిగెత్తింది. క్లాసులో మనలో సగం మంది సంగతి ఇదే, కాదనండి చూద్దాం. ఎవరూ ఎక్కేటప్పుడు పట్టెయ్యలేదు.

అక్కడి నుంచి దోర్నాల దాకా నేనే తోలాను. మలుపు మలుపుకీ మణికట్టు కొంచెం తిప్పడం, వదలడం, మళ్ళీ తిప్పడం. చెవి ఇంజన్ మీదే. గంటన్నర పైన పట్టింది. ఆ టైమ్‌లో ఒక్కసారి కూడా ఫోన్ గుర్తురాలేదు. ఏడాదిన్నరలో నేను ఒకే పని మీద అంతసేపు మనసు పెట్టింది అదే అనుకుంటా.

ఇంటికొచ్చాక నాన్న హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేసి ‘ఇప్పుడు కాదులెండి’ అన్నాడు. నాకోసం త్యాగం చేశాడని అనుకోకండి. ‘సప్లీ పాసయ్యాకే ల్యాప్‌టాప్. అప్పటిదాకా ల్యాబ్‌లో చేసుకో. ల్యాప్‌టాప్ లేనప్పుడు బండి అమ్మడం దేనికి’ అన్నది ఆయన లాజిక్. లెక్కల మాస్టారు కదా, స్టెప్స్ తప్పలేదు. ఆర్‌సీ రెన్యూవల్‌కి అప్లై చేశాడు. చట్టం ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే బండికి 50 ఏళ్ళు నిండాలని 2021లో రూల్ వచ్చింది. అప్పుడు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబర్ తీసుకోవచ్చు, కానీ ఆ నంబర్‌తో రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మా దానికి ఆ వయసు 2037లో వస్తుంది. అంటే ఇంకా సర్వీసులో ఉంది, రిటైర్ కాలేదు.

మళ్ళీ సప్లీకి ఫీజు కట్టా. పరీక్ష వచ్చే నెల. పాసవుతానో లేదో నాకు తెలియదు, అందుకే ఈ వ్యాసానికి విజయగాథ ముగింపు ఇవ్వలేను.

రోజూ రాత్రి తొమ్మిదింటికి నాన్న నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. స్కూలు నోట్‌బుక్ కాగితం మీద ఆయన చేతిరాతలో ఒక డిఫరెన్షియల్ ఈక్వేషన్. ఆయన బీఎస్సీలో చదివినవి, మళ్ళీ పుస్తకం తీసి నేర్చుకుని పంపుతున్నాడట, అమ్మ చెప్పింది. నేను చేసి తిరిగి పంపాలి. తప్పయితే టిక్కు రాదు, ఫోన్ వస్తుంది. ఆదివారాలు మాత్రం ఫోటో రెండు. ఒకటి లెక్క, రెండోది బండి ఒక రౌండ్ తిప్పి వచ్చాక విప్పిన ప్లగ్.

మొన్నటి ఆదివారం ప్లగ్ కాఫీ రంగులో ఉంది. లెక్క మాత్రం రెండుసార్లు చెయ్యాల్సి వచ్చింది.